కనిపించని విమానాల సంఖ్య

కొండ మీదికి మూడు రోజులకని సంచీ సర్దుకుంటున్నాను. రెండు నేత చీరలు, తువ్వాలు, బీపీ మాత్రలు, భూతద్దం, సీసాలో చింతకాయ పచ్చడి, ఇంట్లో ఉన్నవాటిలో కొత్త చీపురు. ఆపైన నా పేరూ ఊరూ రాసిన చీటీలు నాలుగు. ఒకటి సంచీ అడుగున పెట్టాను, ఒకటి పక్క జేబులో, ఒకటి మాత్రల డబ్బాలో, ఒకటి కొంగున ముడేశాను. నాలుగింటిలో మూడు పోయినా మనిషి ఇల్లు చేరాలి కదా. ఈ ఇంట్లోంచి వెనక ఒకసారి ఒక సంచీ చీటీ లేకుండా వెళ్ళింది. అప్పటినుంచి నాకీ అలవాటు.

"కొండ మీదికే కదా అప్పా ఎల్తన్నావు, కాశీకి కాదు," అన్నాడు గురువులు గుమ్మంలో నిలబడి. నన్ను జీపులో తీసుకెళ్ళడానికి వచ్చిన అటెండరు అతను. "సీపురెందుకు? అక్కడ నేవా?"

"సీపుర్లుంతాయి. ఊడిసేవోళ్ళుంతారో నేదో!"

నేను మా ఊరి శాఖా గ్రంథాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఊడ్చాను. బడికి వెళ్ళలేదు, అక్షరాలు అక్కడే కూడబలుక్కున్నాను. కిందపడ్డ పుస్తకాన్ని తుడిచి పైన పెట్టేముందు ఒక పేజీ చదవడం అలవాటు చేసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో చాలా పుస్తకాలు కింద పడ్డాయి.

ఇప్పుడు నేను గగన వాదనల విశ్వసనీయతా నిర్ధారణ మండలిలో సభ్యురాలిని. ఆ మండలి ఎందుకు పుట్టిందో చెప్పాలి. రాడారుకు చిక్కని విమానం మా దగ్గరుందని ఒకరు, దాన్ని పట్టే రాడారు మా దగ్గరుందని ఇంకొకరు, ఆ రాడారును కూడా ఏమార్చే విమానం వచ్చే ఏడాదికి తయారని మూడోవారు, పేపర్లలోనూ ఫోన్లలోనూ ఒకటే గోల. ఎవరిని నమ్మాలో జనానికి తెలియడం లేదు గనక, నమ్మదగిన మాటల మీద ముద్ర వేసి ఇస్తే బాగుంటుందని పైవాళ్ళు తలచారు. నిపుణుల కుర్చీలు మూడూ ఖాళీ. నిపుణులు ప్రతిదానికీ అభ్యంతరం చెబుతున్నారని భర్తీ ఆపేశారు. మిగిలింది అధ్యక్షుడు, "ఏ విషయమందునూ ఎట్టి అర్హతయు లేని పౌర ప్రతినిధి" ఒకరు. ఆ కుర్చీకి నలభై దరఖాస్తులు వచ్చాయట. అందరికీ ఏదో ఒక డిగ్రీ అడ్డొచ్చింది. తహసీల్దారు ఇచ్చిన అనర్హత ధ్రువీకరణ పత్రం మచ్చ లేకుండా ఉన్నది నాకొక్కదానికే.

ఎర్రమెట్ట కొండ మీద పాత రాడారు కేంద్రం ఉంది. పక్కనే మండలి ఆఫీసు. అధ్యక్షులు పరాంకుశం గారు తెల్లగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటారు. నేను కూర్చోగానే దస్త్రం విప్పారు.

"సదరు వాదన ఏమనగా, అగోచర విమాన నిర్మాణ సంస్థ వారి విమానము గత మంగళవారం ఉదయం పది నుండి పదకొండు గంటల మధ్య ఈ కొండ మీదుగా మూడు పర్యాయములు ఎగిరియున్నది. రాడారు తెర మీద ఏమియు కనిపించలేదు. కావున వాదన ప్రాథమికముగా రుజువైనది."

ఎదురుగా సంస్థ యజమాని శరభేశ్వరరావు చిరునవ్వుతో కూర్చుని ఉన్నాడు. మంచి కోటు, మెడలో పట్టీతో కార్డు, బల్ల మీద వెండి పూత పూసిన విమానం బొమ్మ. ఆ బొమ్మ మాత్రం బాగా కనిపిస్తోంది.

"మరింకేటి బాబూ, ముద్ర ఎయ్యడమే కదా?" అన్నాను.

"ఒక్క ఆటంకము కలదు," అన్నారు అధ్యక్షులు. "దాలినాయుడు."

దాలినాయుడు గోడవారగా నిలబడి ఉన్నాడు. రాడారు ముందు ఇరవై ఎనిమిదేళ్ళుగా కూర్చుంటున్న మనిషి. కళ్ళ కింద సంచులు, చేతిలో పెన్సిలు. అతను నింపవలసిన ఏడో నంబరు ఫారంలో రెండే గడులు: కనిపించిన విమానాల సంఖ్య, కనిపించని విమానాల సంఖ్య. మంగళవారం ఫారంలో అతను రెండు గడులకూ అడ్డంగా పెన్సిలుతో "రాలేదు" అని రాశాడు.

"ఫారంలో లేని విషయమును ఫారంలో వ్రాయుట సేవా నియమావళికి విరుద్ధము," అన్నారు అధ్యక్షులు. "రెండవ గడిలో మూడు అని వ్రాయుము. శుక్రవారం సాయంత్రంలోగా వ్రాయనిచో ఉద్యోగము నుండి తొలగించబడుదువు."

"సున్నా ఎయ్యమంటే ఏత్తాను బాబూ. మూడెలాగ ఎయ్యను?"

"సున్నా అనగా కనిపించని విమానములు లేవని అర్థము. మరి వారు మూడు అనుచున్నారు కదా!"

"ఆళ్ళు అన్నారండి. నాను సూడనేదు."

"చూడలేదు కదా? అదియే వ్రాయమనుచున్నాము!"

శరభేశ్వరరావు ముందుకు వంగి మృదువుగా అన్నాడు. "నాయుడు గారూ, మీరు చూడకపోవడమే మా విజయం. మీమీద మాకేం కోపం లేదు. మీరు ఎంత బాగా చూడలేదో రాయండి చాలు."

మధ్యాహ్నం దాలినాయుడు నాకు రాడారు గది చూపించాడు. చీకటి గది, గుండ్రటి తెర. "అప్పా, నా కూతురు కూడా అంతంది, మూడు ఏసేయి నాన్నా, నీ సొమ్మేటి పోయిందీ అని. నాకేటంటే, ఈ తెర మీద ఇమానాలే కాదు, మబ్బులూ కనిపిత్తాయి. గాలివాన వత్తందంటే కింద పడవలోళ్ళకి ఫోను సేసి సెప్తాను. ఆళ్ళు వలలు లాగేసుకుని ఒడ్డుకొచ్చేత్తారు. రానిదాన్ని వచ్చిందని ఒకపాలి రాసేననుకో, రేపు నాను వాన వత్తందంటే ఎవుడు నమ్ముతాడు?"

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు మామూలుగానే పట్టదు, కానీ ఆ రాత్రికి కారణం కూడా ఉంది.

మర్నాడు సాక్షుల విచారణ. విమానాన్ని చూసినవాళ్ళుంటే విమానం కనిపించినట్టే గనక వాళ్ళ సాక్ష్యం చెల్లదు. అందుకని చూడనివాళ్ళను పిలిపించారు. కొండ కింది పల్లె రెండు వందల గడపా కదిలి వచ్చింది. ఒక్కొక్కరే వచ్చి ప్రమాణం చేసి, మంగళవారం పొద్దున్న తామేమీ చూడలేదని చెప్పారు. ఇంత ఏకగ్రీవమైన సాక్ష్యం తమ సర్వీసులో ఎన్నడూ వినలేదని అధ్యక్షులు కళ్ళు తుడుచుకున్నారు. ఒక ముసలాయన మాత్రం గద్దను చూశానన్నాడు. ఆయన్ని ప్రతికూల సాక్షిగా ప్రకటించి బయటకు పంపారు.

తర్వాత మార్కులు. విశ్వసనీయతా సూచిక వందకి. దళసరి కాగితం మీద రాస్తే పది. రంగుల బొమ్మలు ఒక్కోటి రెండేసి. "ప్రపంచంలోనే మొట్టమొదటి" అన్న మాటకు ఇరవై. అది ఐదుసార్లు వచ్చింది గనక వంద అక్కడే నిండింది. ఏ రాడారు, ఎంత దూరం నుంచి, ఏ పక్కనుంచి చూసింది, ఎవరు కొలిచారు అన్నవాటికి మార్కులున్నాయా అని అడిగాను.

"అవి సాంకేతిక వివరములు," అన్నారు అధ్యక్షులు. "మనము విశ్వసనీయతను మాత్రమే చూతుము."

మధ్యాహ్నానికి కబురు పాకింది. ఇంకో రెండు సంస్థలు తమ విమానాలు కూడా అదే మంగళవారం అదే కొండ మీద తిరిగాయని దరఖాస్తు పెట్టాయి. తెర మీద అవీ కనిపించలేదు గనక కాదనడానికి వీల్లేదు. సాయంత్రానికి ఎర్రమెట్ట మీద కనిపించని విమానాలు నలభై ఒకటి అయ్యాయి. ఆకాశంలో రద్దీ ఎక్కువైందని అధ్యక్షులు కంగారు పడి, పల్లెలో గాలిపటాలు నిషేధించారు. అదే సమయంలో రోజూ వెళ్ళే ప్రయాణికుల విమానం చప్పుడు చేసుకుంటూ వెళ్ళింది. తెర మీద చక్కగా చుక్క కనిపించింది. "నిర్లక్ష్యముగా కనిపించినందులకు" దానికి సంజాయిషీ నోటీసు వెళ్ళింది.

ఈ సూత్రం బాగా అర్థమైంది గురువులికి. మర్నాడు పదకొండింటికి వచ్చాడు.

"ఇంతసేపూ ఎచ్చట ఉంటివి?" అని గద్దించారు అధ్యక్షులు.

"తొమ్మిదికే వచ్చీనాను బాబూ. తవరికి కనిపించనేదా?"

అధ్యక్షులు హాజరు పుస్తకంలో అతనికి మంచి రిమార్కు రాశారు. భోజనాల దగ్గర వంటావిడ పప్పు వడ్డించకుండా వెళ్ళిపోతే అందరం ఉట్టి అన్నమే పప్పన్నంలా కలుపుకున్నాం.

అది శుక్రవారం. సాయంత్రంలోగా దాలినాయుడు మూడు వెయ్యాలి, లేదా ఇంటికి వెళ్ళాలి. నేను చెయ్యెత్తాను. కొంగున చీటీ ముడి పట్టుకుని లేచాను.

"బాబుగారూ, నాను పుస్తకాల్లో సదివినాను. ఇలాటి ఇమానాలు నిజంగానే ఉన్నాయి. అయితే అవి మాయవైపోవు. రాడారుకి సిన్నగా కనిపిత్తాయి, పిట్టంత. దూరాన కనిపించాల్సింది దగ్గరకొచ్చేక కనిపిత్తాది. పక్కనుంచి సూత్తే ఒకలాగ, ఎదర్నుంచి సూత్తే ఒకలాగ. కానీ కంటికి కనిపిత్తాది, సప్పుడు సేత్తాది, నూనె తాగుతాది. వచ్చినోడు అన్నం తింతాడు కదా బాబూ. మంగళవారం ఆ ఇమానానికి నూనె ఎవులు పోసినారు? ఎక్కడ దిగింది?"

శరభేశ్వరరావు నవ్వు చెదరలేదు. "ఎక్కడో ఎందుకు మామ్మగారూ, ఇక్కడే దిగింది. ఇప్పుడు బయట మైదానంలోనే ఉంది. మాది నేల మీద కూడా కనిపించదు. అదే మా ప్రత్యేకత."

అందరం బయటికి పరిగెత్తాం. ఆఫీసు ముందు ఎర్రమట్టి మైదానం, ఖాళీగా. అధ్యక్షులు చెప్పులు విడిచి, రెక్క తగలకుండా తల వంచుకుని చుట్టూ ప్రదక్షిణం చేశారు. మైదానం మధ్య గురువులు లుంగీలు రెండు ఆరేసి ఉన్నాయి.

"మూర్ఖుడా! రెక్క మీద ఆరవేసితివా?"

"నేల మీదండి బాబూ."

"రెక్క కింద," అని సర్దాడు శరభేశ్వరరావు. "ఫరవాలేదు. నీడపట్టున ఆరితే రంగు పోదు."

ఎండ మండిపోతోంది. నేను లోపలికి వెళ్ళి సంచీలోంచి చీపురు తెచ్చాను.

ఊడ్చేవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. కరెంటు పోయినా గ్రంథాలయంలో ఏ బల్ల జరిగిందో, ఏ కుర్చీ కొత్తగా వచ్చిందో నా చేతికి తెలిసేది. స్తంభం ఉంటే చీపురు తిరుగుతుంది, బీరువా ఉంటే ఆగుతుంది, పిల్లి పడుకుంటే చుట్టూ పోతుంది. నేల మీద గీత వంగుతుంది. నేను మైదానం తూర్పు కొసన మొదలుపెట్టి పడమటి కొసకు ఊడ్చాను, మళ్ళీ వెనక్కి. లుంగీలు తీసి గురువులికిచ్చాను. అరగంట పట్టింది. నడుం పట్టేసింది. ఎర్రమట్టి మీద చీపురు గీతలు ఈ చివరనుంచి ఆ చివరికి, పాపిడి తీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఎక్కడా వంగలేదు.

అధ్యక్షులు చాలాసేపు చూశారు. "గీతలు సరళ రేఖలుగా నున్నట్లు మండలి గమనించడమైనది. ఇందువలన తేలినదేమనగా, సదరు విమానము చీపురునకు సైతము కనిపించుట లేదు."

"ప్రపంచంలోనే మొట్టమొదటి!" అన్నాడు శరభేశ్వరరావు వెంటనే. ఇంకో ఇరవై మార్కులు.

"సీపురు సూడదు బాబూ," అన్నాను. "తగుల్తాది."

వెనక దాలినాయుడు దగ్గాడు. ఆ దగ్గులో నవ్వుంది.

శరభేశ్వరరావు చేతి గడియారం చూసుకున్నాడు. "అయ్యో, మీరు ఊడవడానికి రాకముందే పైలట్ ఎత్తేశాడండి."

"మంచిదే. దింపమను బాబూ. నేల సుబ్బరంగా ఉంది. దిగితే సక్రం గుర్తు పడతాది. అప్పుడు నాను కూడా సంతకం పెడతాను."

ఏకగ్రీవం లేకపోతే ముద్ర వెయ్యకూడదు. అధ్యక్షులు శరభేశ్వరరావు వంక చూశారు. ఆయన స్వయంగా వెళ్ళి, నాలుగింటికల్లా విమానంతో వచ్చేస్తానన్నాడు. అతిథి గదిలో సంచీ సర్దుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. గడ్డం గీసుకునే సామాను పెట్టాడు. తువ్వాలు పెట్టాడు. వెండి పూత బొమ్మ గుడ్డలో చుట్టి పెట్టాడు. తలగడ కింద చేత్తో తడిమి చూశాడు. మళ్ళీ వచ్చేవాడు తలగడ కింద తడమడు. నాలుగింటికి వచ్చేవాడికి తువ్వాలు అక్కర్లేదు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా ఉండబట్టలేక, నా పచ్చడి సీసా ఆయన సంచీలో పెట్టి, నా నాలుగు చీటీల్లో ఒకదాని వెనక కొండ అడ్రసు రాసి పక్క జేబులో దోపాను.

"దారి తప్పితే ఎవులికైనా సూపించు బాబూ."

"తప్పకుండా మామ్మగారూ," అన్నాడు. మర్యాదస్తుడు.

నాలుగైంది. ఆరైంది. విచారణ ముగియలేదు గనక దాలినాయుడి గడువూ పొడిగించారు. మర్నాడు నేను మళ్ళీ మైదానం ఊడ్చాను. ఆ మర్నాడూ. పొద్దున్నే చూస్తే కాకి కాళ్ళు, కుక్క కాళ్ళు, గురువులు చెప్పులు తప్ప ఏ గుర్తూ ఉండేది కాదు. నా మాత్రలు అయిపోతే దాలినాయుడు కింది నుంచి తెప్పించాడు.

అధ్యక్షులు మాత్రం సూత్రం వదల్లేదు. "శ్రీ శరభేశ్వరరావు గారు సమావేశమునకు కనిపించకుండ హాజరైనారు" అని రోజూ రాయించారు. ఖాళీ కుర్చీ ముందు టీ పెట్టించారు. అది గురువులు తాగాడు. చర్చలో ప్రతి అంశానికీ కుర్చీ వంక చూసి, కాసేపు ఆగి, "మౌనముగా అంగీకరించినారు" అనేవారు. తొమ్మిదో రోజున పత్రం మీద సంతకం అవసరమైంది. పత్రాన్ని కుర్చీ ముందు పెట్టి, ఐదు నిమిషాల తర్వాత తీసి, వెలుతురుకు ఎత్తి చూశారు.

"పెట్టేసినారేమో బాబూ," అన్నాడు గురువులు. "మనకి కనిపించట్లేదు."

అప్పుడే అధ్యక్షుల ఫోను మోగింది. చెవి కాస్త బరువు గనక ఆయన స్పీకరు నొక్కుతారు. అవతల ఆయన భార్య.

"శుక్రవారం వస్తానన్నారు. ఇది ఏ వారం?"

"ఒక సంక్లిష్టమైన విచారణలో ఉండుటచే..."

"పేపర్లో చదివాను మీ విచారణ. కనిపించకపోతే ఉన్నట్టేనట కదా! అయితే మీరు కనిపించకుండా ఇంట్లోనే ఉన్నారనుకోమంటారా? రెండు పూటలా కంచం పెట్టి గాలికి వడ్డించమంటారా?"

"అది కాదు కామేశ్వరీ..."

"వస్తే వచ్చారు. లేకపోతే రాలేదు. మధ్యలో ఇంకోటి లేదు."

ఫోను పెట్టేసింది. అధ్యక్షులు ఖాళీ కుర్చీ వంక చూశారు. మొదటిసారి దాన్ని కుర్చీలాగే చూశారు. తర్వాత నావైపు తిరిగి, మామూలు గొంతుతో, "అసిరమ్మ గారూ, ఏం చేద్దామమ్మా?" అన్నారు.

"ఇంకో గడి గియ్యండి బాబూ. ఆ రెండిటి పక్కని. దాలినాయుడు పెన్సిలుతో రాసిన మాటే."

గంటసేపు తీర్మానం రాశారు. "ఏడవ నంబరు ఫారమునందు 'రాలేదు' అను మూడవ గడి తాత్కాలిక ప్రాతిపదికన, కనిపించు విమానముల హక్కులకు భంగము లేకుండ ఏర్పాటు చేయడమైనది." అధ్యక్షులు స్వయంగా స్కేలు పెట్టి గీశారు. ఆ గడిలో మొదటి పేరు విమానానిది. రెండో పేరు శరభేశ్వరరావుది. నియమం పుట్టకముందే నియమాన్ని పాటించినందుకు దాలినాయుడికి ప్రశంసా పత్రం ఇచ్చారు. రాడారు గదిలో దాన్ని చదువుకుంటూ ఉండగానే అతను తెర మీద ఏదో చూసి, పత్రం నా చేతిలో పడేసి ఫోను దగ్గరికి పరిగెత్తాడు.

"ఒరే, పడవలు తిప్పీండి! ఊఁ, వత్తంది. మూడు, మూడున్నరకల్లా. నాను సెప్తన్నాను కదా!"

కిటికీలోంచి చూస్తే సముద్రం మీద ఒక్కొక్క తెరచాపా మళ్ళుతోంది. వాన మూడుంపావుకి వచ్చింది. మైదానం మీద నా గీతలన్నీ కొట్టుకుపోయాయి. గురువులు లుంగీలు తడిశాయి. అధ్యక్షులు అదే వానలో జీపెక్కి ఇంటికి వెళ్ళారు.

నేనూ ఇల్లు చేరాను. సంచీలోంచి ఒక్కొక్కటే తీసి సర్దాను. మూడు చీటీలు ఉన్నాయి. అడుగున కొత్త ఫారం ఒకటి ఉంది, మూడు గడులది. గురువులు జ్ఞాపకంగా ఉంచుకోమని పెట్టినట్టున్నాడు.

రేషను కార్డు తీశాను. అందులో ఇద్దరి పేర్లున్నాయి. రూర్కెలాలో పనికని వెళ్ళిన మా ఆయన సంగతి ఎవరు అడిగినా, పోలీసులు కాగితం మీద రాసిచ్చినట్టే, కనిపించడం లేదు అంటూ వచ్చాను. జనాభా లెక్కలకు వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఇద్దరమే అని చెప్పాను. పరాంకుశం గారు కుర్చీకి టీ పెట్టించింది తొమ్మిది రోజులే.

కళ్ళజోడు తుడుచుకుని, దాలినాయుడు ఇచ్చిన పెన్సిలుతో మూడో గడిలో రాశాను.

బొడ్డు అప్పన్న. వెళ్ళింది 1978 ఏప్రిల్ 10, సోమవారం. వస్తానన్నది ఏరువాక పున్నమికి, జూన్ 20, మంగళవారం. రాలేదు.